కార్యదక్షుడు విశ్వేశ్వరయ్య

నంది కొండ పాదాల చెంత ముద్దేనహళ్ళి అనే చిన్న గ్రామం ఉంది. ఇప్పుడది చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్నా, 2007 వరకు మన కోలారు జిల్లాలోనిదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆ ఊళ్ళో జన్మించారు. పుట్టినరోజు సెప్టెంబరు 15 అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. సంవత్సరం మాత్రం కొన్ని గ్రంథాల్లో 1861 అనీ, మరికొన్నింటిలో 1860 అనీ కనిపిస్తుంది. ఆయన నూరవ పుట్టినరోజును 1960లోనే జరిపారు. ఆనాడే తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. ప్రతి పనికీ తేదీ వేసి నడిపించిన మనిషి పుట్టిన సంవత్సరమే ఇలా వాదంలో పడటం కొంచెం విచిత్రంగానే ఉంటుంది.

వారి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వారి పూర్వులు మైసూరు సీమకు వలస వచ్చారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు నిలిచింది. వీధిలోకి వస్తే కన్నడం, తండ్రి శ్రీనివాసశాస్త్రి గారి దగ్గర సంస్కృతం, బడిలో ఇంగ్లీషు. కోలారు సీమలో పుట్టి పెరిగిన వారికి ఇలాంటి ఇల్లు కొత్త కాదు. తల్లి పేరు వెంకటలక్ష్మమ్మ.

చిక్కబళ్ళాపురంలో మొదటి చదువు సాగుతుండగానే తండ్రి గతించారు. ఆ తరువాత చదువు బెంగళూరులో. ఇంట సంపద లేదు. పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన సొమ్ముతో తాను చదువుకొన్నారు. 1881లో సెంట్రల్ కాలేజీ నుండి బి.ఎ. పట్టా పుచ్చుకొన్నారు. ఇంజనీరు కావాలన్న కోరిక బలంగా ఉన్నా ఆనాడు మైసూరు సంస్థానంలో ఇంజనీరింగు కళాశాల లేదు. ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనం వల్లనే ఆయన పూనా సైన్సు కాలేజీకి వెళ్ళగలిగారు. అక్కడ 1883లో ఇంజనీరింగు పరీక్షలలో ప్రథములుగా నిలిచారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగం దొరికింది.

కళాశాలలో నేర్చినది వేరు, నది ఒడ్డున నేర్చినది వేరు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే ఆయనకు ఖాందేశ్ ప్రాంతంలో పాంజరా నది లోయలో ఒక వాగుకు అడ్డంగా గొట్టపు తూము వేయించే పని అప్పగించారు. పని మొదలయ్యాక వానలు వచ్చాయి. ఎంత తవ్వినా వాగు తెచ్చిన ఇసుక గుంటలను పూడ్చివేసేది. వానలు తగ్గేవరకు పని ఆపుతామని పై అధికారికి రాశారు. పై అధికారికి అది నచ్చలేదు. కొత్తగా వచ్చిన కుర్రవాడు పని తప్పించుకొంటున్నాడని భావించి మందలించారు. విశ్వేశ్వరయ్య గారు మరి వాదన పెట్టుకోలేదు. ఆ వానల్లోనే కష్టపడి పని పూర్తిచేసి చూపారు. తూము కొలతలు సరిగ్గా వేయడం ఇంజనీరింగే. అయితే ఏ నెలలో తవ్వాలి, ఏ నెలలో ఆపాలి, ఎవరికి ముందుగా చెప్పాలి, డబ్బు ఎప్పుడు అందాలి అన్నవి కూడా ఇంజనీరింగేనని ఆ వాగు ఆయనకు నేర్పింది. ఆనాటి కళాశాలల్లో దీనికి ప్రత్యేకంగా పాఠం లేదు. ఇప్పుడు ఇంజనీరింగు విద్యార్థులకు ప్రాజెక్టు నిర్వహణ అనే పేరుతో దీన్ని బోధిస్తున్నారు.

ఆ విద్య అంటే ఏమిటో తెలుసుకోవడానికి కళాశాల దాకా పోనక్కరలేదు. మన ఇంట్లో పెళ్ళి జరిగే తీరు చూస్తే చాలు. మొదట ముహూర్తం పెడతారు. అక్కడి నుండి వెనక్కి లెక్క వేస్తారు. పందిరి ఎప్పుడు వేయాలి, బియ్యం ఎప్పుడు ఆడించాలి, శుభలేఖలు ఎప్పుడు పంచాలి అని. ఒక పని ఆలస్యమైతే దాని వెనుక పనులన్నీ ఆగుతాయి. ముహూర్తం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. వేలమంది కూలీలు, లక్షల రూపాయలు, ఏళ్ళ తరబడి సాగే పని అయినప్పుడు ఈ లెక్కను నోటితో చెప్పుకొంటే సరిపోదు. కాగితం మీద పెట్టాలి. రోజూ సరిచూడాలి.

బొంబాయి ప్రభుత్వంలో ఉన్న పాతికేళ్ళలో విశ్వేశ్వరయ్య గారు చేసిన పనులు చాలా ఉన్నాయి. సింధు దేశంలోని సుక్కూరులో నది నీరు బురదగా ఉంటే, నది గర్భంలోనే బావి తవ్వించి ఇసుక పొరలలో తేరిన నీటిని తోడించారు. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో నీటి ఒత్తిడికి తమంత తామే తెరుచుకొని మూసుకొనే తలుపులు అమర్చారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచే ఉపాయం అది. ఆ తలుపులు తరువాత ఇతర జలాశయాలకూ ఎక్కాయి.

ఉద్యోగం విడిచి విదేశాలు తిరిగి వస్తున్న సమయంలో హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలమంది చనిపోయారు. 1909లో అక్కడికి వెళ్ళిన విశ్వేశ్వరయ్య గారు ముందుగా నగరంలో గోడలు కట్టే మాట ఎత్తలేదు. నదికి నీరు వచ్చే ప్రాంతమంతా కొలిపించారు. అక్కడ 788 చెరువులుండగా 221 చెరువులు ఆ వానకు తెగిపోయినట్లు తేలింది. కోలారు జిల్లా చెరువుల జిల్లా కనుక ఇది మనకు తేలికగా బోధపడుతుంది. పైచెరువు తెగితే దాని నీరు కిందిచెరువు మీద పడుతుంది. అదీ తెగితే మూడోదానికి దిక్కులేదు. అందువల్ల నగరానికి పైన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని ఆయన పథకం రాసి ఇచ్చారు. ఆ తరువాత ఆయన మైసూరు వచ్చేశారు. కట్టినవారు వేరే ఇంజనీర్లు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రాసినవాడు ఎదుట లేకపోయినా ఇతరులు చదివి పని నడిపించగలిగేలా ఉన్నదే నిజమైన పథకం. నా దృష్టిలో హైదరాబాదులో ఆయన చూపిన గొప్పతనం ఆ జలాశయాల కన్నా ఆ కాగితాలలోనే ఎక్కువగా ఉంది.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య గారు మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఇక్కడి నుండి ఆయన కథలోకి మన కోలారు బంగారు గనులు వస్తాయి.

1880 నుండి జాన్ టేలర్ కంపెనీ చేతిలో ఈ గనులు పెరుగుతూ వచ్చాయి. నేల లోపలికి వెళ్ళేకొద్దీ యంత్రాల అవసరం ఎక్కువైంది. కూలీలను దించి ఎక్కించాలి. ఊరే నీటిని తోడాలి. లోపలికి గాలి పంపాలి. పైకి తెచ్చిన రాతిని దంచాలి. కట్టెలతో, బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలకు ఖర్చు విపరీతం. దివాను శేషాద్రి అయ్యరు గారి కాలంలో దీనికి దారి దొరికింది. కావేరి శివనసముద్రం వద్ద దూకే చోట విద్యుత్తు పుట్టించి, 1902లో 147 కిలోమీటర్ల దూరం తీగల మీద కోలారు గనులకు పంపారు. అప్పటికి ప్రపంచంలోని మిక్కిలి పొడవైన విద్యుత్తు మార్గాలలో అది ఒకటి. తెలుగువారూ, తమిళులూ, కన్నడిగులూ కలిసి చెమటోడ్చిన ఆ గనుల్లో దీపం వెలిగించింది కావేరే.

అయితే వేసవిలో కావేరి సన్నబడేది. నీరు తగ్గితే విద్యుత్తు తగ్గేది. గనులకేమో ఇంకా ఎక్కువ కావాలి. మండ్య సీమలో నేలలు కూడా నీటి కోసం ఎదురుచూస్తున్నాయి. కన్నంబాడి వద్ద కావేరికి ఆనకట్ట కట్టి వాననీటిని నిలవచేస్తే రెండు కొరతలూ తీరుతాయని విశ్వేశ్వరయ్య గారు అంచనాలు తయారుచేశారు. మొత్తం ఖర్చు రెండున్నర కోట్ల రూపాయలకు పైమాటే. సంస్థానపు ఆర్థికశాఖ బెదిరిపోయింది. అంత డబ్బు నీళ్ళలో పోస్తే తిరిగి వస్తుందా అన్నది వారి సందేహం. ఆ సందేహం తప్పు అనలేం. ఖజానా ప్రజలది. విశ్వేశ్వరయ్య గారు కోపగించుకోలేదు, కానీ వెనక్కీ తగ్గలేదు. గనులకు అమ్మే విద్యుత్తు వల్ల ఎంత వస్తుంది, సాగునీటి వల్ల ఎంత వస్తుంది, ఏ సంవత్సరం ఎంత ఖర్చవుతుంది అని లెక్కలు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు గారి ముందుంచారు. పనిని రెండు దశలుగా విడగొట్టారు. చివరకు అనుమతి లభించి 1911 నవంబరులో పని మొదలైంది.

మరొక చిక్కు మద్రాసు ప్రభుత్వం నుండి వచ్చింది. కిందివారికి నీరు తగ్గుతుందన్న భయంతో వారు పూర్తి ఎత్తు ఆనకట్టకు ఒప్పుకోలేదు. తక్కువ ఎత్తుతోనే మొదలుపెట్టవలసి వచ్చింది. అయినా ఆయన పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపోయే వెడల్పుతో వేయించారు. రేపు ఒప్పందం కుదిరితే పాత గోడను పడగొట్టే పని ఉండకూడదని ముందుచూపు. రెండు ప్రభుత్వాల మధ్య వాదం సాగి సాగి 1924లో ఒప్పందం కుదిరింది.

అసలు పరీక్ష కాలంతో. గనులకు అదనపు విద్యుత్తు 1915 వర్షాకాలం నాటికి అందించాలని గడువు పెట్టుకొన్నారు. అంటే అప్పటికి ఆనకట్ట కొంత ఎత్తు లేచి నీరు నిలవాలి. నదిలో పని చేయడానికి వీలయ్యేది నీరు తగ్గిన కొద్ది నెలలు మాత్రమే. జూన్‌లో కొడగు కొండల్లో వాన పడితే నది పొంగుతుంది. ఈలోగా గోడ అనుకొన్న మట్టానికి రాకపోతే ఒక నెల ఆలస్యం కాదు, ఒక సంవత్సరమే పోతుంది. ముహూర్తం సంగతి ఇంతకుముందు చెప్పుకొన్నాం. ఇక్కడ ముహూర్తం పెట్టినది నది.

దేశంలో అప్పటికి సిమెంటు అరుదు. దూరం నుండి తెప్పిస్తే ఖర్చు పెరుగుతుంది, రాక ఆలస్యమైతే పని ఆగుతుంది. అందువల్ల ఇటుకపొడి, సున్నం కలిపిన సుర్కీతో కట్టారు. దగ్గరలో దొరికే వస్తువుతో కడితే సరఫరా మన చేతిలో ఉంటుంది. రాతి గనులు, సున్నపు బట్టీలు, బండ్ల దారులు, కూలీల గుడిసెలు, వైద్యం, కూలి డబ్బు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా తాపీ ఆగిపోతుంది. దాదాపు పదివేల మంది అక్కడ పనిచేసేవారు. మలేరియా జ్వరం వారిని పీడించేది. వైద్యులను నియమించడం దయతో కూడిన పని మాత్రమే కాదు, గడువు లెక్కలో భాగం కూడా. పగటివేళ చాలదని తోచినప్పుడు పెద్దదీపాలు పెట్టించి రాత్రి కూడా పని నడిపించారు. 1912లో విశ్వేశ్వరయ్య గారు దివాను అయ్యాక కూడా ఈ పని మీది నుండి చూపు మరల్చలేదు. ఈ గడువులో పని సాధ్యం కాదని పెదవి విరిచిన ఇంజనీర్లూ ఉన్నారు. ఎందుకు సాధ్యం కాదో లెక్కతో చూపమనడం ఆయన పద్ధతి. లెక్క వేసేసరికి కొన్ని అడ్డంకులు తొలగిపోయేవి. తొలగనివి ఏవో అప్పుడు స్పష్టంగా తెలిసేవి. గడువు నిలిచింది. గనులకు విద్యుత్తు అందింది. కృష్ణరాజసాగరం పూర్తి రూపం దాల్చడానికి 1930 దాటింది.

ఈ విజయానికి మరొక ముఖం కూడా ఉంది. కన్నంబాడి ఊరు, దానితోపాటు అనేక గ్రామాలు నీట మునిగాయి. తాతల నాటి పొలాలు, గుళ్ళు విడిచి జనం కదిలిపోవలసి వచ్చింది. మండ్య చెరకు తోటలను, కోలారు గనుల దీపాలను లెక్కించేటప్పుడు ఆ ఊళ్ళను కూడా లెక్కలో చేర్చాలి. ఈనాటి ఇంజనీరింగు విద్యార్థులకు పథకం వేసేటప్పుడు నష్టపోయేవారి సంగతి ముందే చూడాలని నేర్పుతారు. ఆ రోజుల్లో ఆ పాఠం ఇంకా బలంగా లేదు.

ఆనకట్ట దగ్గర పనిచేసిన యువ ఇంజనీర్లకు అదే పెద్ద బడి అయింది. కాని ప్రతి తరానికీ ఒక కృష్ణరాజసాగరం దొరకదు కదా! తాను చదువు కోసం పూనా పోవలసి వచ్చిన సంగతి ఆయన మరచిపోలేదు. దివానుగా ఉండగా 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి సంవత్సరం 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. మైసూరు, కోలారు, తుమకూరు సీమల పిల్లలు ఇల్లు విడిచి పరాయి రాష్ట్రం పోకుండా ఇంజనీర్లు అయ్యే వీలు అప్పుడు కలిగింది. ఈనాడు ఆ కళాశాల ఆయన పేరుతోనే ఉంది. పల్లె పిల్లలు చేతిపనులు, వ్యవసాయం శాస్త్రీయంగా నేర్చుకోవడానికి కూడా ఆయన సాంకేతిక పాఠశాలలు తెరిపించారు. 1898లో జపాను చూసి వచ్చినప్పటి నుండి ఆయన మనసులో ఒక అభిప్రాయం నాటుకొంది. యంత్రం కొనుక్కోవచ్చు, దాన్ని నడిపించే మనిషిని మాత్రం తయారుచేసుకోవాలి. జపాను ఆ పని చేసింది, మనమూ చేయాలి అన్నది ఆయన పట్టుదల.

1918 చివర ఆయన దివాను పదవి విడిచారు. ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానం కల్పించాలని మహారాజు తలపెట్టగా, ఆయన దానికి సమ్మతించలేదు. యోగ్యత ఒక్కటే చూడాలన్నారు. చదువుకొనే అవకాశమే అందని వారికి యోగ్యత చూపే వేళ ఎక్కడ వస్తుందన్న ప్రశ్నకు ఆయన సమాధానం అందరినీ ఒప్పించలేదు. చరిత్ర ఆ విషయంలో మహారాజు వైపే మొగ్గింది.

పదవి పోయినా పని పోలేదు. భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అదే సమయంలో ప్రపంచంలో ఇనుము ధర పడిపోయింది. నష్టాలు పేరుకొన్నాయి. మూసివేయడమే మంచిదని కొందరు భావించిన సమయంలో విశ్వేశ్వరయ్య గారిని పిలిచి పగ్గాలు అప్పగించారు. 1929 దాకా ఆయన అక్కడి పాలకమండలి అధ్యక్షులుగా ఉన్నారు. అనవసరమైన ఖర్చులు తగ్గించారు. విదేశీ నిపుణులు చేసే పనిని మన యువకులకు నేర్పించి, క్రమంగా వారి చేతికే అప్పగించారు. ఆ కాలమంతా జీతం తీసుకోలేదు. అది పెద్ద మొత్తమే అయింది. ఆ సొమ్మును తనకిచ్చే బదులు యువకులకు వృత్తివిద్యలు నేర్పే సంస్థకు పెట్టమని ప్రభుత్వాన్ని కోరారు. 1943లో బెంగళూరులో ఆ సంస్థ వెలసింది. దానికి ఆయన పేరే పెట్టాలని ప్రభుత్వం అనుకొంది. ఆయన వారించి మహారాజు పేరు పెట్టించారు. అదే శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థ. పెద్ద ఇంజనీరు గీసిన పటం ఎంత గొప్పదైనా, దాన్ని చదివి పనివాళ్ళకు చెప్పగలిగే మేస్త్రీ, యంత్రం పట్టగలిగే పనివాడు లేకపోతే గడువు నిలవదు. ఆ మధ్య మెట్టును కట్టినది ఈ సంస్థ.

1934లో ఆయన దేశమంతటికీ పదేళ్ళ ఆర్థిక ప్రణాళికను ప్రతిపాదిస్తూ ఒక గ్రంథం ప్రకటించారు. స్వతంత్ర భారతంలో పంచవర్ష ప్రణాళికలు రావడానికి అది చాలా ముందు. దేశాన్ని కూడా ఒక కట్టడం లాగానే చూశారు ఆయన. ఇప్పుడెంత ఉంది, పదేళ్ళకు ఎంత కావాలి, ఏటేటా ఎంత పెరగాలి. ఇదే లెక్కను తొంబై ఏళ్ళు దగ్గరపడుతున్న రోజుల్లో పల్లెకు దింపారు. 1949 ప్రాంతంలో బెంగళూరు, కోలారు జిల్లాలలో గ్రామ పరిశ్రమల పథకం ఆయన సూచన మీద మొదలైంది. కొన్ని ఊళ్ళు కలిపి ఒక జట్టు. ఆ జట్టుకు ఊరివారితోనే ఒక సంఘం. తమ జట్టులో ఏటా ఏమి పండుతున్నది, ఏమి తయారవుతున్నది అని వారే లెక్క రాసుకోవాలి. వచ్చే ఏడు ఎంత పెంచాలో వారే నిర్ణయించుకోవాలి. సంవత్సరాంతంలో సరిచూసుకోవాలి. ఇంజనీరింగు కళాశాలలో చెప్పే విద్యను పంచెకట్టు రైతు చేతికి ఇచ్చినట్లయింది.

1952లో బీహారులో మొకామా వద్ద గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చడానికి ప్రభుత్వం ఆయనను సలహా అడిగింది. తొంబై దాటిన వయసులో ఎండలో ఆ ప్రాంతం స్వయంగా చూసి, అనువైన చోటు నిర్ణయించి చెప్పారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చి గౌరవించింది. ఆయన పుట్టినరోజును మన దేశంలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నాము.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. శివనసముద్రం విద్యుత్తుతో లోతుల్లోకి దిగిన చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. మండ్యలో మాత్రం కృష్ణరాజసాగరం నీరు ఇప్పటికీ కాలువల్లో పారుతోంది. వాటిలో పెద్దదాని పేరు విశ్వేశ్వరయ్య కాలువ.

1962 ఏప్రిల్‌లో బెంగళూరులో ఆయన కన్నుమూశారు. దహనక్రియలు ముద్దేనహళ్ళిలో జరిగాయి.